నాయనమ్మ కోసం కొన్న గుర్రం

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళ వయసులో, ఒక ఆదివారం పొద్దున కల్లూరులో ఒక గాజుల వ్యాపారి ఇంటి వెనక ఖాళీ స్థలంలో మేం ట్రాలీ ఆటో దిగాం. అక్కడ ఉన్న మనుషులు: మా తాతయ్య, మా నాయనమ్మ, మా నాన్న, నేను, ఆ ఇంటి పెద్దాయన. జంతువులు: ఆయన గుర్రాలు రెండు, మేం వెంటబెట్టుకెళ్ళిన మా పొలం కుక్క. ఆటోలోంచి దింపిన సామాను: సున్నం వేసేటప్పుడు ఎక్కే ఎత్తు పీట, నీలం టార్పాలిన్ పట్టా, ఒక బస్తా ఎండు మిరపకాయలు, నల్ల గొడుగు, అంచుదాకా పప్పుచారు పోసిన స్టీలు క్యారేజీ.

గుర్రం కొనడానికి వచ్చినవాళ్ళకు ఇంత సామాను ఎందుకని ఆ పెద్దాయన అడగలేదు. మర్యాద తెలిసిన మనిషి. కుక్కను చూసినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి, మళ్ళీ గడ్డం సవరించుకున్నాడు.

ఇది అర్థం కావాలంటే ముందు మా మొదటి గుర్రం సంగతి చెప్పాలి.

మాది చండ్రుగొండ అవతల, అడవి అంచున ఉన్న ఊరు. తాతయ్య పెళ్ళయిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నాడు. ఆ భూమి వాగుకు అవతల ఉంది. ఒకప్పుడు బండిబాట ఉండేది. అడవి చుట్టూ కందకం తవ్వాక అది మూసుకుపోయి, మిగిలింది కాలిబాటే. ఆ బాటలో మొదట మిరప కల్లాలు, తరవాత గుండ్రాళ్ళ వాగు, ఆపైన ఇసుక, చివర సన్నటి గట్టు. అక్కడ మోపెడ్ నడపడం కుదరదు. నడవాల్సిందే. తాతయ్య అలా ఏళ్ళ తరబడి నడిచాడు.

నాకు ఎనిమిదేళ్ళున్నప్పుడు ఆయన ట్రాక్టరు దిగుతూ పడ్డాడు. ఎడమ మోకాలు దెబ్బతింది. కట్టు విప్పాక కాలు దక్కింది గానీ సరిగ్గా మడత పడలేదు, ఒంటి బరువు ఆపలేదు. ఈ మాట డాక్టరు చెప్పాడు, మేం చూశాం, తాతయ్య మాత్రం ఒప్పుకోలేదు. ఎవరైనా అడిగితే, "కాస్త పట్టేసిందంతే, ఎండలొస్తే సర్దుకుంటుంది" అనేవాడు. ఎండలు వచ్చి పోయాయి. కూలీలు చూడకుండా కర్ర పట్టుకొని వాగు దాటడానికి ఆయన చీకటితోనే బయల్దేరేవాడు. మా నాన్నకు చండ్రుగొండలో ఎరువుల కొట్టు. పొలం చూసుకునే తీరిక ఆయనకు లేదు. ఉగాది వస్తే భూమి కౌలుకిచ్చేద్దామని నాన్న నెమ్మదిగా అన్నాడు. తాతయ్య అన్నం ముందు నుంచి లేవలేదు, తిననూ లేదు. "కౌలుకిస్తే పొద్దున లేచి నేనేం చేయాలిరా?" అని అడిగాడు.

గుర్రం కొనాలన్న ఆలోచన ఆయనదే. అందరం మెచ్చుకున్నాం. అప్పుడే ఆ పొరపాటు జరిగింది. అది మా ఇంట్లోవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు.

ఎద్దును చూడటంలో తాతయ్యకు చుట్టుపక్కల పెద్ద పేరుండేది. ఎవరు జత కొనాలన్నా ఆయన్ని తీసుకెళ్ళేవారు. పళ్ళు, గిట్టలు, భుజం, తోక మొదలు, ఒంటి మీది సుడులు ఒక వరసలో చూసేవాడు. చివరికి జంతువు చెవి పక్కన గట్టిగా చప్పట్లు కొట్టి, అది బెదరకపోతే తల ఊపేవాడు. ఖమ్మంలో ఒక తెల్ల గుర్రాన్ని ఆయన సరిగ్గా ఇదే వరసలో చూశాడు. అన్నింట్లోనూ నెగ్గింది. చప్పట్లకు చెవి కూడా కదపలేదు. తోలుకొచ్చాం. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి, ఇంత సాధువైన జంతువును ఎక్కడ పట్టారని అడిగారు. అది అంతకు ముందు ఏ పని చేసిందో తాతయ్య అడగలేదు. ఎద్దును ఎవరూ అలా అడగరు. ఎద్దుకు ఉండేది ఒకటే పని.

అది పెళ్ళి ఊరేగింపుల గుర్రం.

మర్నాడు ఇద్దరు కూలీలు సాయం పట్టి తాతయ్యను ఎడమవైపు నుంచి జీను మీదికి ఎక్కించారు. పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు. గుర్రం ఠీవిగా ఓ పది అడుగులు వేసి ఆగింది. అదిలించినా కదల్లేదు. బాజాల ముందు కుర్రాళ్ళు ఎగరడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు నిలబడి, మళ్ళీ పది అడుగులు వేసి ఆగింది. మా ఇంటి నుంచి వీధి చివరికి పోయేసరికి పాలకేంద్రం మూసే వేళైంది. అంతలో మైసమ్మ గుడి దగ్గర ఎవరో డప్పు సరిచూసుకుంటూ నాలుగు దెబ్బలు వేశారు. గుర్రానికి ప్రాణం లేచొచ్చింది. మెడ వంచి, ముందు కాళ్ళు మార్చి మార్చి ఎత్తుతూ, తాతయ్యను మోస్తూ నడివీధిలో నాట్యం మొదలుపెట్టింది.

పక్కింటి మామ అరుగు మీద పళ్ళు తోముకుంటున్నాడు. వేపపుల్ల తీసి, "ఏంది పెద్దయ్యా, పిల్లది ఏ ఊరు? మమ్ముల పిలువనే లేదు" అన్నాడు.

"ముహూర్తం కుదరలేదయ్యా" అన్నాడు తాతయ్య పై నుంచి. ఆ మాట ఎలాగో అనగలిగాడు గానీ ముఖం మాత్రం నల్లబడింది.

రెండో రోజు నుంచి పిల్లలు పళ్ళేలు వాయిస్తూ వెంట పడ్డారు. నాలుగో రోజు తాతయ్య బయటికి రాలేదు. గుర్రాన్ని కొత్తగూడెం బ్యాండువాళ్ళకు అమ్మేశాం. ఆ తరవాత ఒక పెళ్ళిలో దాన్ని మళ్ళీ చూశాను. లైట్ల మధ్య, చెవులు పగిలే మోతలో, వణికిపోతున్న పెళ్ళికొడుకును భద్రంగా మోసుకుంటూ వెళ్ళింది. మంచి గుర్రం. మా పనికి మాత్రం కాదు.

తాతయ్య గుమ్మం దాటడం మానేశాడు. పది ఊళ్ళకు ఎద్దులు చూసిపెట్టిన మనిషి గుర్రం దగ్గర మోసపోయాడన్న మాట ఆయనకు మోకాలి కంటే ఎక్కువ నొప్పి. నాన్న కౌలుదారుతో మాట్లాడి వచ్చాడు. ఉగాది దగ్గర పడింది.

అప్పుడు నాయనమ్మ కదిలింది. ఆవిడ జరిగినదాని గురించి తాతయ్యతో ఒక్క మాట అనలేదు. ఒక సాయంత్రం, "ఒరే, నాతో పొలం దాకా రా" అని నన్ను పిలిచింది. ఇద్దరం బయల్దేరాం. బాటలో కొంత దూరానికోసారి నిలబడి, "నువ్వు గుర్రానివనుకో. ఇక్కడ దేనికి బెదురుతావు?" అని అడిగేది. నాకు ఇలాంటి లెక్కలంటే అప్పటికే ఇష్టం. కల్లాల దగ్గర నేల మీద ఎర్రగా పరిచిన కాయలకు బెదురుతానన్నాను. గాలికి టపటపలాడే పట్టాలకు, వాగులో కాళ్ళ కింద కదిలే రాళ్ళకు, గట్టు మీద ఎదురొచ్చే మా కుక్కకు కూడా. వానొస్తే నెత్తి మీద ఫట్టున విప్పే గొడుగుకు బెదురుతానని చెబితే, "అది నాకు తట్టలేదే" అని మెచ్చుకుంది. మధ్యాహ్నం క్యారేజీ పొలానికి చేరేసరికి చారు ఒలకకూడదన్నది ఆవిడ చేర్చింది. తిరిగి వచ్చేటప్పుడు, వాగు ఒడ్డున కూర్చుని కాళ్ళు కడుక్కుంటూ, "అసలుది మర్చిపోయాం. ఎక్కడం ఎలా?" అంది.

నేను ఆలోచించి, తాతయ్య కుడికాలు జీనుకు వేలాడే రికాబులో పెడితేనే ఎక్కగలడని, అంటే గుర్రానికి కుడివైపు నుంచి ఎక్కాలని చెప్పాను. గుర్రాన్ని అందరూ ఎడమవైపు నుంచే ఎక్కుతారు. కుడివైపు మనిషి ఎక్కబోతే చాలా గుర్రాలు పక్కకు జరిగిపోతాయి. తెల్ల గుర్రాన్ని ఒక కూలీ అటు నుంచి ఎక్కబోయినప్పుడు మాకిది తెలిసింది. ఆవిడ తల ఊపింది. "ఈ ఒక్కటి మాత్రం అక్కడ నువ్వు నోరెత్తొద్దు. నేను చూసుకుంటా."

అలా ఆ సామాను, ఆ కుక్క ఆటో ఎక్కాయి.

కల్లూరు పెద్దాయన కుటుంబం తరతరాలుగా అడవి ఊళ్ళ సంతల్లో గాజులు అమ్మేది. రోడ్లు పడి ఆటోలు వచ్చాక గుర్రాలకు పని తగ్గింది. రెండింటినీ అమ్మేద్దామనుకుంటున్నాడని నాన్న కొట్టుకు వచ్చే రైతు ఒకాయన చెప్పాడు. అందులో ఒకటి నల్లది, పొడవాటిది, ఒళ్ళు నూనె రాసినట్టు మెరుస్తోంది. రెండోది మట్టిరంగు ఆడ గుర్రం. పొట్టిది, ఒక చెవి అంచు చిరిగి ఉంది. తాతయ్య సహజంగానే నల్లదాని దగ్గరికి వెళ్ళాడు. కానీ పళ్ళు చూడటానికి చెయ్యి ఎత్తి మళ్ళీ దించేశాడు. ఆ చెయ్యి దించడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. తన చూపు మీద తనకు నమ్మకం పోయిన మనిషి చెయ్యి అది.

పెద్దాయన మర్యాదగా, "పొలానికి మీరే పోతరా పెద్దయ్యా? ఒకసారి ఎక్కి చూడుండ్రి" అన్నాడు.

తాతయ్య కదల్లేదు. గోడ అవతల నుంచి ఇద్దరు ముగ్గురు తొంగి చూస్తున్నారు. ఎడమవైపు నుంచి ఎక్కలేడు. కుడివైపు నుంచి ఎక్కితే ఎందుకని అడుగుతారు. ఆపైన మోకాలి కథ, ఆపైన తెల్ల గుర్రం కథ. నేను సాయం చేద్దామని, "తాతయ్యకు ఎడమ..." అనబోయాను. నాయనమ్మ నా నోట్లో బెల్లం ముక్క పెట్టింది.

"గుర్రం ఆయనకు కాదండీ. నాకు" అంది.

నాన్న ఆటో వైపు తిరిగి నిలబడ్డాడు. పెద్దాయన నాయనమ్మ నెరిసిన జుట్టును, నేత చీరను, చేతిలోని గొడుగును చూశాడు. "మీకా అమ్మా?"

"నాకే. పొలానికి అన్నం నేనేగా తీసుకెళ్ళేది. నడవలేకపోతున్నా. ఈయనకు జంతువులు తెలుసని వెంట తీసుకొచ్చా" అని తాతయ్య వైపు తిరిగింది. "ఏమండీ, చూసి పెట్టండి."

తాతయ్య ఆవిడ కళ్ళలోకి చూశాడు. ఆయనకు ఎంతవరకు అర్థమైందో నాకు తెలియదు. కానీ భుజాలు కొంచెం వెనక్కి జరిగాయి. "సరే. ముందు కాయలు పరచండి" అన్నాడు. ఎద్దుల సంతలో వినిపించే గొంతు అది.

పట్టా పరిచి బస్తా కుమ్మరించాం. నల్ల గుర్రం ఎర్రటి కుప్పను చూసి వెనక కాళ్ళ మీద లేచింది. కుక్క మొరిగితే పక్కకు దూకింది. దాన్ని కట్టేశారు. మట్టిరంగుది వచ్చి కాయల అంచున ఆగి వాసన చూసి, పెద్దగా తుమ్మింది. ఘాటుకు పెద్దాయన తుమ్మాడు, నాన్న తుమ్మాడు, గోడ అవతలివాళ్ళు కూడా తుమ్మారు. గుర్రం కాయలను తొక్కకుండా పక్కనుంచి నడిచి వెళ్ళింది. కుక్క దాని కాళ్ళ చుట్టూ తిరిగితే తల వంచి ఒకసారి చూసి ఊరుకుంది. నేను ముక్కు దగ్గర గొడుగు ఫట్టున విప్పాను. రెప్ప వాల్చింది, అంతే. తాతయ్య ప్రతి పరీక్షకూ ఒక వేలు మడుస్తున్నాడు.

నాయనమ్మ పీట తెచ్చి గుర్రానికి కుడివైపు వేసింది.

"అటు కాదమ్మా, ఇటు. ఎడమ దిక్కు నుంచి ఎక్కాలె" అన్నాడు పెద్దాయన.

"నాకు కుడివైపే అలవాటండీ."

"ఇంతకు ముందు ఎప్పుడెక్కిండ్రు?"

"ఎక్కలేదు. ఇవాళ్టి నుంచి అలవాటు చేసుకుంటా."

గోడ అవతల నవ్వారు. "ముసలమ్మకు గుర్రమెక్కే సోకు పుట్టిందిరా" అని ఎవరో అన్నారు. నాయనమ్మ ఆ మాటకు అటు తిరిగి, "అవునయ్యా, పడితే పట్టుకుందువు గాని రా" అంది. కొంగు నడుముకు బిగించి, పీటెక్కి, కుడికాలు రికాబులో పెట్టింది. మొదటిసారి జారింది. నవ్వులు పెరిగాయి. రెండోసారి తాతయ్య కళ్ళెం పట్టుకొని నిలబడ్డాడు. ఆవిడ జీను పట్టుకొని ఒక్క ఊపున ఎక్కి కూర్చుంది. గుర్రం ఎటూ జరగలేదు.

పెద్దాయన అప్పుడు చెప్పాడు. ఇరుకు సందుల్లో, ఒక పక్క గాజుల మూట ఉండగా, ఏ వైపు చోటుంటే ఆ వైపు నుంచే వాళ్ళు దాన్ని ఎక్కేవాళ్ళట. "గాజులు మోసి మోసి దీని నడకనే గట్లయింది అమ్మా. కుదుపు ఉండది. మూట ఒక దిక్కు ఒరిగిందంటే దానంతట అదే ఆగుతది."

నాన్న క్యారేజీ అందించాడు. పెద్దాయన కళ్ళెం పట్టి నడిపిస్తుంటే, నాయనమ్మ దాన్ని పట్టుకొని ఆ స్థలం చుట్టూ తిరిగి వచ్చింది. ఒక చేతిలో క్యారేజీ, ఒక చేత్తో జీను. వీపు నిటారుగా, ముఖంలో భయమన్నది ఎక్కడా లేదు. ఉందేమో. ఉంటే ఆవిడ మాకు కనిపించనివ్వలేదు. గోడ అవతల నవ్వు ఆగిపోయింది. తాతయ్య మూత తీసి చూశాడు. చారు అంచు దాటలేదు.

ఆవిడ దిగి, అందరికీ వినబడేలా, "నాకు బాగానే ఉంది గానీ, మీరొకసారి ఎక్కి చూస్తే గాని నాకు ధైర్యం రాదు. నేను ఎక్కినట్టే, ఈ పక్క నుంచే ఎక్కండి. తేడా ఉంటే మీకే తెలుస్తుంది" అంది.

మా తాతయ్య పీట మీదికెక్కి, కుడికాలు రికాబులో పెట్టి, బిగుసుకున్న ఎడమకాలిని గుర్రం మీంచి అవతలికి తిప్పి కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు. భార్య కోసం గుర్రాన్ని పరీక్షిస్తున్న మనిషిని చూసి నవ్వడానికి ఏముంది? ఒక చుట్టు అన్నవాడు మూడు చుట్లు తిరిగాడు. రెండో చుట్టులో చిన్నగా అదిలించి వేగం పెంచాడు. ఆ యేడాదిలో ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

ఆయన దిగాక గాజుల పెద్దాయన గుర్రం దగ్గరికి వెళ్ళి, ఎడమ రికాబు పటకాను రెండు బెజ్జాలు కిందికి వదిలాడు. మడత పడని కాలు చాచుకోవడానికి అంత చోటు కావాలి. ఒక్క ఎడమదే వదిలాడు, కుడిది ముట్టుకోలేదు. తరవాత కళ్ళెం తెచ్చి నాయనమ్మ చేతిలో పెట్టి, "మీ గుర్రం అమ్మా. మంచిగ చూసుకోండ్రి" అన్నాడు. నాయనమ్మ ఆయనకు నమస్కారం పెట్టింది. ఆ ఇద్దరి మధ్య ఏం జరిగిందో నాకు అర్థం కావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది.

మర్నాడు పొద్దున, బాగా వెలుగొచ్చాక, అందరూ చూస్తుండగా తాతయ్య పొలానికి బయల్దేరాడు. పక్కింటి మామ కాచుకొని ఉన్నాడు. ఇత్తడి పళ్ళెం తెచ్చి గరిటెతో టంగుమని వాయించాడు. గుర్రం దారి తప్పలేదు, నడక మార్చలేదు.

"ఏంది పెద్దయ్యా, దీనికి పెండ్లి మీద మనసు లేనట్టుందే?"

"దీనికి ఎప్పుడో అయిందయ్యా. ఇప్పుడు పొలం పనుంది" అన్నాడు తాతయ్య. మామే ముందు నవ్వాడు. పళ్ళెం ఇంట్లో పెట్టి వచ్చి, వాగు దాకా కబుర్లు చెబుతూ పక్కన నడిచాడు. ఉగాదికి కౌలుదారు వస్తే నాన్న మజ్జిగ ఇచ్చి పంపేశాడు.

నేనిప్పుడు ఇంజనీరును. లిఫ్టులు, ర్యాంపులు, ఆసుపత్రి మంచాలు మనుషులకు సరిపోతున్నాయో లేదో పరీక్షించడం నా ఉద్యోగం. వస్తువు ఎంత బాగుందో చూసే ముందు అది వెళ్ళాల్సిన బాట నడిచి రావాలన్నది కాలేజీలో ఎవరూ నాకు నేర్పలేదు. నాయనమ్మ వాగు ఒడ్డున నేర్పింది. ఇంకొకటి కూడా నేర్పింది, అది ఏ పాఠంలోనూ రాయలేరు. మనిషికి ఏది చేతకాదో తెలుసుకోవాలి, దానికి తగ్గట్టు పరీక్ష పెట్టాలి, కానీ నలుగురిలో ఆ మనిషి చేత ఆ మాట అనిపించకూడదు. కొత్త ర్యాంపు మీద ఇప్పటికీ మొదటిసారి చక్రాల కుర్చీలో కూర్చుని ఎక్కేది నేనే. చూసేవాళ్ళు నవ్వుతారు. నవ్వనిస్తాను. ఆ నవ్వు అయిపోయాక, నా వెనక ఎక్కాల్సినవాళ్ళు నిశ్చింతగా ఎక్కుతారు.

ఆ గుర్రాన్ని ఊరంతా చివరిదాకా నాయనమ్మ గుర్రమనే అంది. తాతయ్య కూడా అలాగే అన్నాడు. నాయనమ్మ దాన్ని ఎక్కింది ఒక్కసారి. దాని మీద పొలానికి వెళ్ళి తాతయ్య తీసిన మిరప పంటలు తొమ్మిది.